గాలి లేదని నమ్మకు

చిట్టీ,

నువ్వు డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నావని, రామగిరి చుట్టుపక్కల బుడ్డల చేలకు మందు కొడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మా అక్క గొంతులో అంత గర్వం విని చాన్నాళ్ళయింది. నాకూ సంతోషమే. కానీ "తెల్లారుజామున గాలే ఉండదు, ఆకు కదలదు, అప్పుడే పని కానిచ్చేస్తా" అన్నావట. ఎవరు చెప్పారే నీకు, గాలి లేదని? కోప్పడుతున్నాననుకోకు తల్లీ. ఉద్యోగమంతా గాలిని కొలుస్తూనే గడిపినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

రేపు చేలో దిగగానే గాలిమరల వైపు చూడు. నీ కాళ్ళ దగ్గర గడ్డిపోచ కదలని వేళ కూడా, 80, 100 మీటర్ల పైన ఆ రెక్కలు తిరుగుతూ కనిపిస్తాయి. వానలు మొహం చాటేసి రాత్రుళ్ళు మబ్బు లేకుండా ఉన్నాయట కదా, ఇప్పుడైతే మరీనూ. అలాంటి రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, అక్కడే పడి ఉంటుంది. పైగాలి దానితో కలవదు. పగలంతా చెట్లకూ ఇళ్ళకూ గుట్టలకూ రాసుకుని నెమ్మదించిన ఆ పైగాలికి రాత్రి ఆ పట్టు వదిలిపోతుంది. కొన్ని వందల మీటర్ల ఎత్తున పగటికన్నా జోరుగా వీస్తుంది. పొద్దెక్కి నేల కాగాక వేడిగాలి పైకి లేస్తుంది, పైనున్న జోరు కిందికి దిగుతుంది. ఎనిమిదికో తొమ్మిదికో ఉన్నట్టుండి విసురుగాలి మొదలైందంటారే, అది ఎక్కడినుంచో వచ్చింది కాదు. రాత్రంతా నీ నెత్తిమీదే ఉంది.

ఇక ఆ కదలని గాలిలో మందు కొడితే ఏమవుతుందో ఆలోచించు. సన్నని తుంపర్లు పైకి పోయి చెదిరిపోలేవు, తొందరగా నేలకూ దిగవు. తేలుతూ తేలుతూ, నీకు తెలియనంత మెల్లగా పల్లం వైపు జారి పక్క చేలోకి పోతాయి. ధర్మవరం వైపు మల్బరీ తోటలు ఎన్ని ఉన్నాయో నీకు నేను చెప్పాలా? ఆ ఆకు మీద పురుగుమందు పడితే, అది తిన్న పట్టుపురుగులు తట్టల్లోనే చచ్చిపోతాయి. ఎవరో ఒక ఇంటి పంటంతా పోతుంది.

అందుకని ఊళ్ళో పొగ చూడు. ఇళ్ళ మీద అడ్డంగా పరుచుకుని నిలబడి ఉందా, ఆగు. పొగ లేచి చెదిరిపోతూ, చిరుగాలి ఒకే దిక్కు నుంచి మొహానికి తగులుతోందా, మొదలుపెట్టు. విసుర్లు రాగానే దించెయ్. మధ్యలో దొరికే వేళ తక్కువే, తెలుసు. రెండెకరాలు తగ్గితే తగ్గనీ. సాయంత్రం గాలి పడిపోయిందని సంబరపడి మళ్ళీ దిగకు, పొద్దు వాలేసరికి నేల చల్లబడటం మొదలవుతుంది.

బందరులో పనిచేసిన రోజుల్లో జులైలో పైగాలిని కొలవడానికి వదిలే బెలూన్లంటే నాకు ప్రాణం. వదలగానే పడమటి గాలి బెలూన్‌ని సముద్రం వైపు తోసేది. ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఆ తోపు మరీ ఎక్కువ. ఆరేడు కిలోమీటర్లు దాటాక నెమ్మదించి వెనక్కి, పడమటికి తిరిగేది. 14, 15 కిలోమీటర్ల పైన తూర్పుగాలి గంటకు 100 కిలోమీటర్లు దాటిన రోజులున్నాయి. ఆ తూర్పు జెట్ ప్రవాహం గురించి 1958లో రాసినవారు మన పి. కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. ఆయన పేరు నీ తోటి పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రెండు గాలులకూ మూలం ఒకే వేడి చిట్టీ. ఎండలకు ఉత్తరాన నేల, టిబెట్ పీఠభూమి కాగుతాయి. కాగిన గాలి వ్యాకోచించి పైకి పొంగుతుంది. కింద అక్కడ పీడనం తగ్గి, సముద్రం మీది నైరుతి గాలి అటు లాగబడుతుంది. బాగా పైన మాత్రం అదే చోట పీడనం పెరుగుతుంది. అక్కడినుంచి దక్షిణానికి బయలుదేరిన గాలిని భూభ్రమణం కుడికి తిప్పి తూర్పుగాలిగా మారుస్తుంది. ఈ శ్రావణంలో ఓ మధ్యాహ్నం తలెత్తి చూడు, కింది మబ్బులు తూర్పుకు పరుగెత్తుతుంటే, బాగా పైన పీచులాంటి తెల్లమబ్బు పడమటికి పోతుంటుంది.

నీ డ్రోన్ అంత ఎత్తుకు పోదులే. కానీ పొలం ఫోటోల కోసం 100 మీటర్లకు పంపుతావు కదా, 120 దాటకూడదన్న రూలు నీకు తెలిసిందే. ఫోన్‌లో కనిపించే గాలి వేగం మామూలుగా 10 మీటర్ల ఎత్తుది. 100 మీటర్ల దగ్గర పగలైతే అందాజుగా 40 శాతం ఎక్కువ వేసుకో. తెల్లవారుజామున ఆ లెక్క కూడా చాలదు. దిక్కు కూడా కొంచెం మారుతుంది. కింది గాలికి వీపు పెట్టి నిలబడితే పైగాలి సాధారణంగా నీ కుడివైపుకు మళ్ళి పోతుంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే గాలికి ఎదురు పంపు, తిరుగు ప్రయాణం గాలివాలుకు పెట్టుకో. తిరగేసి చేశావంటే డ్రోన్ ఏ కంపచెట్ల మధ్యో దిగుతుంది, దాని కోసం నువ్వు పాములున్న చోట తిరుగుతావు. నా భయం డ్రోన్ గురించి కాదే పిచ్చిపిల్లా.

మల్బరీ తోటలవాళ్ళ ఫోన్ నంబర్లు రాసి పెట్టుకో, మందు కొట్టే ముందురోజే కబురు చెయ్యి. మాస్కు తీయకు. అత్త నీకని కరివేపాకు పొడి కొట్టింది, ఆదివారం బస్సులో పంపుతున్నాం.

ఆశీస్సులతో,
మీ మామ