టీకా వేసిన రాత్రి బిడ్డకు జ్వరం వస్తే: ఏది మామూలు, ఏది ప్రమాదం, ఏం చేయాలి?



బిడ్డకు నెలన్నర నిండగానే టీకాలు వేయించుకుని వస్తారు. సాయంత్రం దాకా బాగానే ఉన్న బిడ్డకు రాత్రయ్యేసరికి ఒళ్లు వేడెక్కుతుంది. పాలు సరిగా తాగక, ఎత్తుకున్నా ఏడుస్తుంది. "బాగున్న బిడ్డకు సూది వేయించి జ్వరం తెచ్చారు" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. మళ్లీ నెలకు టీకా అంటే తల్లికి అడుగు ముందుకు పడదు. ఒక్క రాత్రి జ్వరానికి భయపడి మిగిలిన టీకాలు మానేస్తే, ప్రాణాలు తీసే జబ్బుల నుంచి బిడ్డకు పూర్తి రక్షణ దొరకదు. అందుకే ఈ పాఠం. ఒకసారి పూర్తిగా చదవండి.

జ్వరం ఎందుకు వస్తుంది?

నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు వేసే పెంటావాలెంట్ టీకా ఐదు జబ్బులను అడ్డుకుంటుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి కామెర్లు, హిబ్ క్రిమి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు వాపు. ఈ టీకాలో బతికున్న క్రిములు ఉండవు. కాబట్టి దానివల్ల ఆ జబ్బులు రావు. బిడ్డ శరీరం ఆ క్రిములను గుర్తుపట్టడం నేర్చుకునేటప్పుడు ఒళ్లు కాస్త వేడెక్కుతుంది. అందరు పిల్లలకూ జ్వరం రాదు. రానంత మాత్రాన టీకా పని చేయలేదని అనుకోవద్దు.

ఏ టీకాకు ఏం కనిపిస్తుంది?

• పుట్టగానే ఎడమ భుజం మీద వేసే బీసీజీ: రెండు మూడు వారాల తర్వాత చిన్న పొక్కు లేస్తుంది. అది చిదిమి, పుండులా మారి, దానంతట అదే మానిపోయి మచ్చ పడుతుంది. నొక్కొద్దు, మందు రాయొద్దు. మచ్చ పడకపోయినా టీకా మళ్లీ వేయక్కర్లేదు. చంకలో గడ్డ కడితే మాత్రం డాక్టరుకు చూపించండి.

• పెంటావాలెంట్, ఎడమ తొడ: అదే రోజు గానీ మర్నాడు గానీ జ్వరం, చిరాకు, సూది వేసిన చోట ఎరుపు, వాపు, నొప్పి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. తొడలో గోళీలా గట్టిగా తగిలే చిన్న గడ్డ కొన్ని వారాలు ఉండొచ్చు. నొప్పి లేకపోతే దాని జోలికి పోవద్దు.

• న్యూమోకోకల్ టీకా, కుడి తొడ: ఇక్కడ కూడా కాస్త వాపు, జ్వరం రావచ్చు. నెలన్నరకు, మూడున్నర నెలలకు ఇది పెంటావాలెంట్‌తో పాటే వేస్తారు. ఒకేరోజు రెండు తొడలకూ, కుడి భుజానికీ కలిపి మూడు సూదులు పడతాయి. నోట్లో పోలియో చుక్కలు, రోటా మందు వేస్తారు. ఇన్ని కలిపి వేసినా బిడ్డకు హాని లేదు.

• రోటా మందు: కొందరికి ఒకటి రెండుసార్లు పల్చటి విరేచనం అవుతుంది. పాలు ఆపొద్దు.

• తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా: దీని లెక్క వేరు. వేసిన రోజు మామూలుగా జ్వరం ఉండదు. వారం, పది రోజులకు జ్వరం, ఒంటిమీద సన్నటి దద్దు రావచ్చు. రెండు మూడు రోజుల్లో పోతుంది.

• ఏడాదిన్నర వయసులో డీపీటీ బూస్టర్: తొడ నొప్పి మొదటి డోసుల కంటే ఎక్కువగా ఉంటుంది. బిడ్డ ఒకటి రెండు రోజులు కుంటుతూ నడవొచ్చు.

మొదటి అరగంట అక్కడే కూర్చోండి

టీకా వేయగానే బస్సుకు టైమైందని బయల్దేరకండి. చాలా అరుదుగా కొందరు పిల్లలకు టీకా పడక తీవ్రమైన అలర్జీ వస్తుంది. అది ఎక్కువగా తొలి నిమిషాల్లోనే బయటపడుతుంది. ఏఎన్ఎం దగ్గర దానికి వెంటనే ఇచ్చే మందు ఉంటుంది. ఇంటిదగ్గర ఉండదు. అరగంట కూర్చోమనేది అందుకే. ఆ అరగంటలో బిడ్డకు పాలివ్వండి. పోలియో, రోటా చుక్కలు వేసిన వెంటనే పాలివ్వచ్చు.

ఆ రాత్రి ఇంట్లో ఏం చేయాలి?

1. మాటిమాటికీ తల్లిపాలు ఇవ్వండి. ఆరు నెలల లోపు బిడ్డకు జ్వరమున్నా నీళ్లు పట్టొద్దు. కావలసిన నీరు పాలలోనే ఉంటుంది.
2. పల్చటి నూలు బట్టలు వేయండి. చలి అని దుప్పట్లు, స్వెటర్, టోపీ చుడితే వేడి బయటకు పోక జ్వరం ఇంకా పెరుగుతుంది.
3. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒళ్లు తుడవండి. ఐసునీళ్లు వద్దు.
4. సూది వేసిన చోట శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో తడిపి, పిండి, కాసేపు ఉంచండి. నొప్పి తగ్గుతుంది.
5. ఎత్తుకునేటప్పుడు, పాలిచ్చేటప్పుడు ఆ తొడ మీద ఒత్తిడి పడకుండా చూసుకోండి.

మర్నాడు బిడ్డకు స్నానం చేయించవచ్చు. సూది వేసిన తొడను మాత్రం రుద్దొద్దు.

పారాసిటమాల్: చుక్కల మందా, సిరప్పా?

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పిల్లల పారాసిటమాల్ రెండు రకాలుగా దొరుకుతుంది. డ్రాపర్‌తో వచ్చే చుక్కల మందు చాలా చిక్కన. మామూలుగా 1 మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్ సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటుంది. 250 ఉండే సిరప్‌లు కూడా ఉన్నాయి.

బిడ్డకు ఇవ్వాల్సిన మోతాదు బరువును బట్టి ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 5 కిలోల బిడ్డకు 50 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే చుక్కల మందైతే అర మిల్లీలీటరు చాలు. 125 రకం సిరప్ అయితే 2 మిల్లీలీటర్లు కావాలి. సిరప్ లెక్కతో చుక్కల మందు 2 మిల్లీలీటర్లు పోస్తే నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది.

కాబట్టి టీకా వేసినరోజే బిడ్డను తూకం వేయించి, "మా దగ్గర ఉన్న ఈ సీసాతో ఎంత వేయాలమ్మా?" అని ఏఎన్ఎంను అడిగి కార్డు మీద రాయించుకోండి. వీలైతే సీసాను వెంట తీసుకెళ్లండి. డోసుకు డోసుకు మధ్య కనీసం 6 గంటలు ఉండాలి. రోజుకు నాలుగు సార్లకు మించి వేయొద్దు. జ్వరం రాకముందే ముందుజాగ్రత్తగా వేయొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఎప్పుడూ ఇవ్వొద్దు. పెద్దవాళ్ల మాత్రను విరిచి అరగదీసి వేయొద్దు.

ఇవి చేయొద్దు

సూది వేసిన చోట పసుపు, నూనె, బామ్, పేస్టు రాయొద్దు. వేడి కాపడం పెట్టొద్దు, నలగ్గొట్టొద్దు. జ్వరమని వస కొమ్ము, నాటు మందు అరగదీసి నాకించొద్దు. సొంతంగా యాంటీబయాటిక్ కొనొద్దు.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

• మూడు గంటలకు మించి ఏం చేసినా ఆగని ఏడుపు
• ఫిట్స్, లేదా బిడ్డ ఒళ్లు వదిలేసి, పిలిచినా పలక్కుండా, పాలిపోయి ఉండటం
• ఊపిరి ఆడకపోవడం, పెదాలు నీలంగా మారడం, మొహం ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు
• 102 డిగ్రీలు దాటిన జ్వరం, లేదా మందు వేసినా దిగని జ్వరం
• పాలు తాగలేకపోవడం, ఆరు గంటలకు మించి మూత్రం పోయకపోవడం
• రోటా మందు వేశాక మలంలో రక్తం, ఆగని వాంతులు, కాళ్లు పొట్టకు ముడుచుకుని ఏడవడం

వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. తాళాలు, ఉల్లిపాయ అంటూ టైము పోగొట్టుకోవద్దు.

ఇంకో మాట. పెంటావాలెంట్ వేశాక జ్వరం రెండు రోజులు దాటినా, లేక రెండు రోజుల తర్వాత కొత్తగా మొదలైనా "టీకా జ్వరమేలే" అని ఊరుకోవద్దు. అది వేరే జబ్బు కావచ్చు. సూది వేసిన చోట మూడు రోజుల తర్వాత ఎరుపు పెరుగుతున్నా, చీము పట్టినా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. ఏ ఇబ్బంది వచ్చినా ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్ఎంకు గానీ తప్పక చెప్పండి. దాన్ని నమోదు చేసి, కారణం చూడటం వాళ్ల బాధ్యత.

తర్వాతి టీకా మానొద్దు

మామూలు జ్వరం వచ్చిందని తర్వాతి డోసు ఆపక్కర్లేదు. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా టీకా వేయించవచ్చు. పోయినసారి ఫిట్స్, తీవ్రమైన అలర్జీ లాంటివి వచ్చి ఉంటే మాత్రం సూది వేయకముందే ఏఎన్ఎంకు చెప్పండి. ఏం చేయాలో డాక్టరు చూసి చెబుతారు. తేదీ దాటిపోతే మొదటినుంచి మొదలుపెట్టరు, ఆగిన డోసు నుంచే కొనసాగిస్తారు. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది.

పుట్టింట్లో కాన్పై, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటికి వచ్చే తల్లులకు టీకాలు తప్పిపోయే అవకాశం ఎక్కువ. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే వేయించుకోవచ్చు. ఎక్కడైనా ప్రభుత్వ టీకాలు ఉచితమే. తల్లీబిడ్డల రక్షణ కార్డును సారెతో పాటు సర్దుకోండి.

ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో అర్హులైన తల్లులకు మొదటి బిడ్డకు 5,000 రూపాయలు రెండు విడతలుగా అందుతాయి. 2,000 రూపాయల రెండో విడతకు జనన నమోదుతో పాటు మూడున్నర నెలల దాకా వేసే తొలి వరస టీకాలు పూర్తయి ఉండాలి. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు ఒకేసారి వస్తాయి. దానికీ టీకాలు తప్పనిసరి. ప్రతి టీకా కార్డులో తేదీతో ఎక్కిందో లేదో అక్కడే చూసుకోండి.

ఈ పీడీఎఫ్‌ను ఫోన్‌లో దాచుకోండి. రాత్రి బిడ్డను ఎత్తుకుని తిరిగేది తల్లి ఒక్కతే కాదు కదా. బిడ్డ తండ్రికి పంపండి, నాయనమ్మకు, అమ్మమ్మకు చదివి వినిపించండి. సందేహం ఉంటే మీ ఏఎన్ఎంను అడగండి.