తాబేటి పెంపకం – వెలుతురు, వసతి

ఉర్దూ మాధ్యమంలో చదివే విద్యార్థులకు 'కఛువా ఔర్ ఖర్‌గోష్' కథ, తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థులకు తాబేలు–కుందేలు కథ చిన్ననాటి నుండి పరిచయమే. ఉర్దూలోని 'కఛువా' సంస్కృత 'కచ్ఛప' శబ్దం నుండి పుట్టినదే గనుక, పేరులో సైతం ఈ ప్రాణి మన రెండు భాషలకూ చుట్టమే. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం చదివిన వారికి కాకి, ఎలుక, లేడి, తాబేళ్ళ చెలిమి గుర్తుండే ఉంటుంది. తనకు తగిన చోటు విడిచి వచ్చిన తాబేలు వేటగాని చేతికి చిక్కుట ఆ కథలోని ఘట్టం. ఇన్ని కథలలో తాబేలును ఎరిగిన మనము, అది బ్రతుకుటకు ఏమి కావలెనో మాత్రం ఎరుగము. మేమును నిన్న మొన్నటి దాకా ఎరుగము. మా కళ్ళు తెరిపించినది ఒక ఉత్తరం.

మా పూర్వ విద్యార్థి ఒకరు ఉద్యోగరీత్యా ఇంగ్లాండులో స్థిరపడినారు. ఆ దేశంలో తాబేళ్ళను ఇళ్ళలో పెంచుకొనుట చట్టసమ్మతమే. దక్షిణ ఐరోపాకు చెందిన హెర్మన్ తాబేలు అక్కడి పిల్లలకు మక్కువైన ప్రాణి. అడవిలో పట్టిన మధ్యధరా తాబేళ్ళను వ్యాపారానికి దిగుమతి చేయుటను 1984లోనే నిషేధించినారు గనుక, ఇప్పుడు అమ్మేవి పెంపకంలో పుట్టిన పిల్లలు. వాటికి ధ్రువపత్రం ఉండవలెను. అటువంటి దానిని ఒకదానిని తమ కూతురి కోసం కొని, గాజు తొట్టిలో ఉంచి, కిటికీ పక్కన పెట్టినారు. ఆరు నెలలు గడిచిన తరువాత మాకు వ్రాసినారు: "సార్, గది వెచ్చగానే ఉంచాము. ఎండ పడే కిటికీ దగ్గరే పెట్టాము. లేత ఆకుకూర రోజూ వేశాము. అయినా దాని చిప్ప బొటనవ్రేలితో నొక్కితే లోపలికి పోతోంది. అమ్మాయి ఏడుస్తోంది. మేము చేసిన తప్పేమిటో మాకు అర్థం కావడం లేదు."

పశువైద్యుని వద్దకు వెంటనే తీసుకొనిపొమ్మని బదులు వ్రాసి, మేము మా కళాశాల జంతుశాస్త్ర అధ్యాపకుల వద్ద కూర్చుని పాఠం చెప్పించుకొన్నాము. ఆ తరువాత మేముగా చదివినది కూడా చేర్చి విద్యార్థి మిత్రుల ముందు ఉంచుచున్నాము.

చిప్ప అనగా ఏమి?

తాబేటి చిప్ప అది దూరి కూర్చున్న ఇల్లు కాదు, దాని శరీరమే. వెన్నెముక, ప్రక్కటెముకలు వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోయి పై చిప్పగా ఏర్పడినవి. మనకు కనిపించే పలకలు ఆ ఎముకపై గోరు వంటి పదార్థంతో ఏర్పడిన పొర మాత్రమే. కాబట్టి చిప్ప మెత్తబడినదనగా ఎముకలు మెత్తబడినవని అర్థం. ఎముక గట్టిపడుటకు సున్నపు ధాతువైన కాల్షియం కావలెను. తిన్న మేతలోని కాల్షియం పేగుల నుండి రక్తంలోనికి సరిగా చేరవలెనన్న డి విటమిన్ కావలెను. అది చాలనప్పుడు, రక్తంలోని లోటును పూడ్చుటకు శరీరం తన ఎముకలనే కరిగించుకొంటుంది. ఇంటి ఖర్చుకు దూలాలు ఊడదీసి అమ్ముకొన్నట్లే ఇది.

మనుష్య శిశువులకు వచ్చే రికెట్స్ వ్యాధి దీనికి దగ్గరి బంధువు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో కర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు బెర్లిన్ నగరంలో రికెట్స్ పిల్లలపై పాదరస దీపపు అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి, వారి ఎముకలు గట్టిపడుట ఎక్స్‌రే చిత్రాలలో చూపినాడు. వెలుతురు కూడ ఒక ఔషధమని నాడు తేలినది. నేడు తాబేటి తొట్టిపై వ్రేలాడే దీపానికి మూలపురుషుడు ఆ దీపమే.

గాజు చేసిన మోసం

సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలలో 'బి' తరగతివి ఉన్నవి. వాటి తరంగదైర్ఘ్యం 280 నుండి 315 నానోమీటర్లు. ఇవి చర్మంపై పడినపుడు అందులోని ఒక కొవ్వు పదార్థం డి విటమిన్‌కు పూర్వరూపంగా మారుతుంది. ఆ పూర్వరూపం శరీరపు వెచ్చదనం వలన అసలు విటమిన్‌గా పరిణమిస్తుంది. అనగా వెలుతురు సగం పని చేయగా, తక్కిన సగం వేడిమి చేస్తుంది. తాబేలు మనవలె తన వేడిని తాను పుట్టించుకొనే ప్రాణి కాదు గనుక, దానికి రెండూ బయటి నుండియే రావలెను. ఈ సంగతి తెలిసిన నాడు గాని తాబేటి వసతి ఏర్పాటు బోధపడదు.

మా విద్యార్థి ఇంట జరిగిన పొరపాటు ఇక్కడనే ఉన్నది. కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది. 'బి' కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. కంటికి ఎండ, చర్మానికి చీకటి! కన్నవారు ఎంత ప్రేమతో పెట్టినా, ఆ బిడ్డ ఎండ ఎదుటనే ఎండ లేక కృశించినది. పైగా గాజు తొట్టిలో గాలి ఆడదు. నేరుగా ఎండ పడిన రోజున అది క్షణాలలో కాగిన పెనమై ప్రాణం తీయగలదు. గాజును గోడగా గుర్తించలేక తాబేలు అస్తమానం దానిని గోకుతూ అలసిపోతుంది.

దీపాల అమరిక

ఇంటిలోపల తాబేటికి రెండు విధాల దీపాలు కావలెను. వేడినిచ్చే దీపం ఒకటి. 'బి' కిరణాలనిచ్చే ప్రత్యేకమైన ట్యూబు దీపం మరొకటి. రెండు పనులూ చేసే పాదరస ఆవిరి దీపాలు కూడ ఉన్నవి. ఇంటిలో వాడే మామూలు బల్బు ఎంత ప్రకాశించినా రెండవ పని చేయలేదు.

వేడి దీపాన్ని వసతికి ఒక చివర, పై నుండి వ్రేలాడదీయవలెను. దాని క్రింద బల్లపరుపు రాయి ఉంచి, అక్కడ ఉష్ణోగ్రత 32 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉండునట్లు దీపపు ఎత్తును సవరించవలెను. రెండవ చివర 20 డిగ్రీల ప్రాంతంలో చల్లగా ఉండవలెను. వేడెక్కిన తాబేలు చల్లని వైపుకు, చల్లబడినది వెచ్చని వైపుకు తానే నడచిపోతుంది. ఇట్లు ఎంచుకొనే స్వేచ్ఛ లేని వసతి ఎంత ఖరీదైనదైనా పంజరమే. ఉష్ణోగ్రతను చేతితో అంచనా కట్టక, రెండు చివరలా ఉష్ణమాపకంతో చూడవలెను. క్రింద నుండి వేడి చేయుట తగదు. ప్రకృతిలో తాబేటికి ఎండ పైనుండియే కదా వచ్చేది!

ట్యూబు దీపం వేడి దీపం వైపుననే ఉండవలెను. వసతి పొడవులో సుమారు సగం మేర వ్యాపించవలెను. ఎంత ఎత్తున కట్టవలెనో తయారీదారు సూచించిన కొలత ప్రకారమే కట్టవలెను. మిక్కిలి దగ్గరైనచో కళ్ళు, చర్మం దెబ్బతింటవి. మిక్కిలి దూరమైనచో ఫలితం లేదు. నడుమ గాజు గాని, ప్లాస్టిక్ గాని అడ్డు ఉండరాదు. సన్నని జల్లెడ వంటి తీగెల వల కూడ కిరణాలలో గణనీయమైన భాగాన్ని హరిస్తుంది. మరొక మర్మం: ఈ దీపం చూపుకు వెలుగుతూనే ఉండగా, దానిలోని 'బి' కిరణాల శక్తి నెలల తరబడి క్షీణిస్తుంది. కావున తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా ఆరు నెలలు మొదలు ఏడాదికి, మార్చవలెను. పగలు 12 నుండి 14 గంటలు వెలిగించి, రాత్రి పూర్తిగా ఆర్పివేయవలెను. తాబేటికి పగలు ఎంత అవసరమో రాత్రి అంత అవసరం.

నేల, నీరు, మేత

గాజు తొట్టికి బదులు, పైన తెరచి ఉన్న చెక్క బల్ల వంటి పెట్టె శ్రేష్ఠం. ఎదిగిన తాబేటికి ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న స్థలమైనా ఇచ్చుట మేలు. ప్రక్క గోడలు చూపు దాటనివిగా, అది ఎక్కలేనంత ఎత్తుగా ఉండవలెను. అడుగున ఎరువులు కలియని మట్టి, ఇసుక కలిపి కనీసం నాలుగంగుళాల మందాన పరచవలెను. త్రవ్వుకొనుట దాని స్వభావం. చల్లని వైపున దాగుటకు చిన్న గూడు, మధ్యలో లోతు లేని నీటి పళ్ళెం ఉండవలెను.

'భూమిపై తిరిగే తాబేలు గదా, పొడిగా ఉంచుదుము' అనుకొనుట మరొక పొరపాటు. ఆఫ్రికా తాబేటి పిల్లలపై ఆస్ట్రియా దేశపు పరిశోధకులు 2003లో ప్రకటించిన ఫలితాలు చూడదగినవి. చిప్పపై గోపురాల వలె వికృతంగా బుడిపెలు లేచుటకు మేతలోని మాంసకృత్తుల కంటె గాలిలోని తేమ లోపించుటయే పెద్ద కారణమని వారు గుర్తించినారు. కనుక అడుగు మట్టి కొంత చెమ్మగా ఉండవలెను. పిల్లలను తరచుగా గోరువెచ్చని లోతులేని నీటిలో కాసేపు ఉంచవలెను.

హెర్మన్ తాబేటి మేత పీచు ఎక్కువ, పిండి తక్కువ ఉన్న గడ్డిమొక్కలు, కలుపు ఆకులు. పండ్లు, రొట్టె, పాలు దానికి తగవు. మేతపై కాల్షియం పొడి చల్లుట మంచిదే గాని, వెలుతురు లేని చోట ఆ పొడి ఒక్కటే కాపాడదు.

దీపం లేని రోజులలో

ఈ దీపాలేవీ లేని కాలంలో తాబేళ్ళు ఎట్లు బ్రతికినవని అడుగవచ్చును. ఇంగ్లాండులో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడు తన మేనత్త పెంచిన తాబేటిని 1780లో తన తోటకు తెచ్చుకొన్నాడు. దాని పేరు తిమోతీ. అది వానకు జంకుట, చలికాలం రాగానే నేల త్రవ్వుకొని నిద్రించుట ఓపికగా గమనించి వ్రాసినాడు. అతడు 1793లో మరణించగా, తాబేలు 1794 వరకు జీవించినది. మగదని పేరు పెట్టిన అది ఆడదని తరువాత చిప్పను పరీక్షించిన వారు తేల్చినారు. అది పడకగదిలో గాక ఆరుబయట, తనకు నచ్చిన ఎండలో, తనకు నచ్చిన నీడలో తిరిగినది. దీపం ఆ తోటకు అనుకరణ మాత్రమే. ఎండ కాచే రోజులలో ఇంగ్లాండులో కూడ పెంపుడు తాబేటిని కంచె గల పెరటిలో విడుచుటే ఉత్తమం.

మన నేలపై తాబేలు

ఈ విషయం తరగతిలో ముచ్చటించగా, ఒక విద్యార్థి వెనుకనుండి లేచి, "సార్, మా మామయ్య ఇంట్లో నక్షత్ర తాబేలు ఉంది. ఇంట్లో ఉంటే కలిసి వస్తుందని ఎవరో ఇచ్చారు. ఇట్లాంటి దీపం కొనిస్తే సరిపోతుందా?" అని అడిగినాడు.

సరిపోదని చెప్పినాము. నక్షత్ర తాబేలు మన ఆంధ్ర ప్రాంతపు ముళ్ళపొదల భూములలో, గడ్డి బయళ్ళలో, అట్లే తమిళనాడు, కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్‌లలోను, శ్రీలంకలోను సహజంగా నివసించే ప్రాణి. తొలకరి పడగానే చురుకెత్తి తిరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద దానిని పట్టుట, అమ్ముట, ఇంట ఉంచుకొనుట నేరం. దొంగ రవాణా మితిమీరుటచే, 2019లో దానిని అంతర్జాతీయ వాణిజ్య నిషేధపు అత్యున్నత జాబితాలో చేర్చినారు. మన ఇంట ఒకటి చేరినదనగా, అడవి నుండి ఒకటి తగ్గినదని అర్థం. దానిని మనకు తోచిన పొదలో వదలుట కూడ సరికాదు. ఇంటిలో సోకిన రోగాలు అడవి తాబేళ్ళకు అంటవచ్చును. అటవీ శాఖ వారికి అప్పగించుటయే మార్గం.

వారం గడిచిన పిమ్మట ఆ విద్యార్థి వచ్చి, "ఇచ్చేసి వచ్చాము సార్. మామయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు" అన్నాడు. ఆ మాటలో కొంత బాధ, కొంత గర్వం వినిపించినవి.

ఇంగ్లాండు నుండి కూడ ఉత్తరం వచ్చినది. వైద్యుని చికిత్సతో, కొత్త దీపాలతో చిప్ప మెల్లగా గట్టిపడుచున్నదట. వంగిన భాగం మాత్రం అట్లే ఉండిపోయినదట. ఆ వంకర దశాబ్దాలు బ్రతుకగల ఆ ప్రాణితో కడదాకా ఉంటుంది. ప్రేమ ఉన్నను జ్ఞానం లేకున్న ఏమగునో చెప్పుటకు అది చాలును. పెంచదగిన చోట పెంచేవారు ముందుగా ఆ ప్రాణికి కావలసిన సూర్యుని తెలిసికొందురు గాక! పెంచకూడని చోట, దాని సూర్యుని దానికి విడిచిపెట్టుటయే మన విధి.