మట్టిపొరల నడుమ విద్యుత్తు

రాగి తీగెకు ప్లాస్టిక్ తొడుగు వేయడం అందరూ ఎరిగినదే. తీగె విద్యుద్వాహకం, తొడుగు విద్యుద్బంధకం. ప్లాస్టిక్కు విద్యుత్తును ప్రసరింపజేయలేదన్న నమ్మకం శాస్త్రలోకంలో కూడా చాలాకాలం ఉండేది. అది సడలడానికి ఒక పొరపాటు నాంది పలికింది.

1967లో టోక్యోలోని హిడెకి షిరకావా ప్రయోగశాలలో పాలిఎసిటిలీన్ తయారుచేస్తూ, ఉత్ప్రేరకాన్ని కావలసినదానికి సుమారు వేయి రెట్లు కలిపారు. నల్లని పొడి రావలసినచోట వెండివలె మెరిసే పలుచని పొర ఏర్పడింది. మెరుపు లోహానిదే గాని, వాహకత లోహానిది కాదు. కొన్నేళ్ల తరువాత షిరకావా అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి ఆ పొరకు అయొడిన్ ఆవిరి సోకించారు. అయొడిన్ పాలిమర్ గొలుసుల నుండి కొన్ని ఎలక్ట్రాన్లను లాగుకున్నది. అట్లా ఏర్పడిన ఖాళీల వల్ల తక్కినవి కదలగలిగాయి. వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో వెలువడిన ఈ పరిశోధనకు 2000లో ఆ ముగ్గురికీ రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

కీర్తి వచ్చినంత సులువుగా ఉపయోగం రాలేదు. పాలిఎసిటిలీన్ గాలి తగిలితే చెడిపోతుంది. పాలిఎనిలీన్ అంతకంటె నిలకడగలది. ఆమ్లం తగిలితే ఆకుపచ్చనై విద్యుత్తును పోనిచ్చి, క్షారం తగిలితే నీలమై అడ్డగించే వింత పదార్థమది. కాని దాని గొలుసులు చిక్కుపడిన నూలువలె ఉంటాయి. వాటిని వరుసలో నిలిపే ఆధారం మట్టిలో దొరికింది.

వేసవిలో నల్లరేగడి నేల నెర్రెలు విచ్చడం, వానలకు ఉబ్బి ఆ నెర్రెలు పూడిపోవడం రైతులు ఏటా చూసేదే. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ వర్గపు బంకమన్ను ఇందుకు కారణం. దాని పొర ఒక్కొక్కటి సుమారు ఒక నానోమీటరు మందం, అనగా మీటరులో వందకోట్లవ వంతు. పొరల నడుమ నీరు చేరితే అవి ఎడమవుతాయి, ఎండితే దగ్గరవుతాయి. ఆ సందులోనికే ఎనిలీన్‌ను పంపి, అక్కడే గొలుసులుగా కూర్చడం శాస్త్రజ్ఞుల ఉపాయం. అట్లా ఏర్పడేదే నానో మిశ్రమ పదార్థం.

బంకమన్ను స్వయంగా విద్యుద్బంధకం కదా, దానిని కలిపితే వాహకత తగ్గదా? సాధారణంగా తగ్గుతుంది. లాభం మరొకచోట ఉంది. పొరల వెంబడి సాగినంత సులువుగా విద్యుత్తు పొరలకు అడ్డంగా సాగదు. ఒకే పదార్థం ఒక దిశలో దారి, మరొక దిశలో గోడ. పైగా ఆక్సిజన్ లోనికి చేరాలంటే పొరలన్నింటినీ చుట్టి రావాలి గనుక పాలిమర్ త్వరగా చెడదు. ఇంకొక విశేషం: వేడెక్కితే రాగి వాహకత తగ్గుతుంది, వీటిలో సాధారణంగా పెరుగుతుంది. ఇక్కడ ఆవేశాలు ఏరువలె పారక గొలుసు నుండి గొలుసుకు దుముకుతూ పోతాయి. వేడి ఆ గంతులకు ఊతమిస్తుంది.

మన్నుకు బదులు పొరలుగల వనేడియం పెంటాక్సైడ్ జెల్‌ను అమెరికా శాస్త్రజ్ఞులు 1989లో వాడిచూశారు. ఎనిలీన్‌ను గొలుసుగా కూర్చడానికి వేరొక ఆక్సీకరణి అవసరం లేకపోయింది. ఆ ఆక్సైడే ఎనిలీన్ నుండి ఎలక్ట్రాన్లను గ్రహించి, తన పొరల నడుమనే పాలిఎనిలీన్‌ను ఏర్పరచింది. ఇది మన్నువలె కేవలం గోడ కాదు, దీని పొరలు కూడా కొంత విద్యుత్తును మోస్తాయి. లిథియం బ్యాటరీల ధన ఎలక్ట్రోడుకు ఈ మిశ్రమం పనికివస్తుందా అని తరువాతి పరిశోధకులు పరీక్షించడానికి కారణం ఈ గుణమే.