ఎత్తైన చెట్టుకు సరైన ఫొటో చోటు: రెడ్‌వుడ్ నుంచి రాయ్‌పూర్ సాల్ వనాల దాకా

2009 అక్టోబరు నేషనల్ జాగ్రఫిక్ సంచికలో ఒక రెడ్‌వుడ్ చెట్టు నిలువెత్తు ఫొటో వచ్చింది. చెట్టు ఎత్తు 300 అడుగులు. నిజానికి అది ఒకే ఫొటో కాదు. మైకేల్ నికోల్స్ బృందం కెమెరాలను తాళ్లతో వేలాడదీసి, పై నుంచి కిందికి దించుతూ తీసిన 84 ఫొటోలను కలిపి దాన్ని తయారుచేసింది. కాలిఫోర్నియా అడవిలో ఆ చెట్టు మొత్తం ఒకేసారి కనబడే చోటు నేల మీద ఎక్కడా లేకపోవడమే అంత శ్రమకు కారణం.

రాయ్‌పూర్ నుంచి అడవుల వైపు కెమెరాతో బయలుదేరే వారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం సాల్. తెలుగువారు దీన్ని గుగ్గిలం చెట్టు అంటారు, ఛత్తీస్‌గఢీలో సరయీ, బస్తర్ వైపు సర్గీ. బాగా పెరిగిన చెట్టు 30 మీటర్లు దాటుతుంది. రెడ్‌వుడ్‌తో పోలిస్తే మూడో వంతే, అయినా ఫోన్ తెరలో పట్టదు.

కారణం చిన్న త్రికోణమితి. ఫోన్‌లోని మామూలు కెమెరాను నిలువుగా, వంచకుండా పట్టుకుంటే మధ్య గీతకు పైన దాదాపు 36 డిగ్రీలు కనిపిస్తుంది. కంటి ఎత్తు మీటరున్నర అనుకుంటే, 30 మీటర్ల చెట్టు కొమ్మ చివర దాకా ఫొటోలో రావడానికి సుమారు 40 మీటర్ల దూరంలో నిలబడాలి. 90 మీటర్ల రెడ్‌వుడ్‌కైతే 120 మీటర్లు పైనే కావాలి. దట్టమైన సాల్ వనంలో 40 మీటర్ల ఖాళీ ఎక్కడుంటుంది? అందుకే అందరూ దగ్గర నిలబడి కెమెరాను పైకి ఎత్తుతారు. అప్పుడు కెమెరాలోని సెన్సర్ మానుకు సమాంతరంగా ఉండదు. పైభాగం కెమెరాకు దూరమై చిన్నదవుతుంది, నిటారైన మానులన్నీ పైకి పోయేకొద్దీ ఒకదాని వైపు ఒకటి వాలినట్టు వస్తాయి. చెట్టు ఎత్తు పెరిగినట్టు కాక, వెనక్కి పడిపోతున్నట్టు అనిపిస్తుంది.

కాబట్టి మంచి చోటు అంటే అందమైన చెట్టున్న చోటు మాత్రమే కాదు, వెనక్కి జరగడానికి వీలున్న చోటు. అడవి అంచున పొలం, చెరువు గట్టు, వాగు ఇసుక, రోడ్డు మలుపు లాంటివి. ఇంకా మంచిది ఏటవాలు నేల. చెట్టు లోయలో ఉండి మనిషి గట్టు మీద ఉంటే కెమెరా మధ్య గీత మాను నడుమకు వస్తుంది. అప్పుడు పైకీ కిందికీ సమానంగా చూపు పారుతుంది, 40 మీటర్లు అక్కర్లేదు, సగం దూరం చాలు.

రాయ్‌పూర్‌కు అందుబాటులో ఉన్నది బర్నవాపారా అభయారణ్యం. బార్, నవాపారా అనే రెండు అటవీ గ్రామాల పేర్లు కలిసి ఆ పేరు వచ్చింది. 1976లో ఏర్పడింది, విస్తీర్ణం 245 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ సాల్, టేకు, వెదురు కలిసి ఉంటాయి. ఎలుగుబంట్లు, ఏనుగులు తిరిగే అడవి కనుక సఫారీ వాహనం దిగి ఇష్టమొచ్చినట్టు నడవడం కుదరదు. వాహనం నుంచే తీయాలి, అంటే బాట పక్కనున్న ఖాళీలే ఫొటో చోట్లు. దక్షిణంగా జగదల్‌పూర్ రహదారిలో కేశ్‌కాల్ ఘాట్ మలుపులు ఎత్తు ఇస్తాయి. కానీ అక్కడ లారీల రద్దీ ఎక్కువ, మలుపులో బండి ఆపడం ప్రాణాలతో చెలగాటమే. ఘాట్ దాటి కొండగావ్ వైపు సాల్ వనాలు మొదలయ్యాక నింపాదిగా ఆగవచ్చు. ఇంకా దక్షిణాన, 1982లో జాతీయ వనమైన కాంగేర్ లోయలో సాల్, టేకు పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ రెండింటి తేడాను ఒకే ఫొటోలో చూపించడానికి ఇంతకంటే తగిన చోటు దొరకడం కష్టం.

ఆ తేడా బాగా కనిపించేది మార్చిలో. టేకు ఆకు రాల్చి బోసిగా ఉంటుంది. సాల్ మాత్రం పాత ఆకులు రాలుస్తూనే రాగిరంగు లేత ఆకులు తొడుగుతుంది. వెంటనే పాలమీగడ రంగు పూలు విరగబూస్తాయి. జశ్‌పూర్, సర్గుజా ప్రాంతాల్లో ఆదివాసులు సర్హుల్ పండుగలో కొలిచేది ఈ పూలనే. పండుగ చోట్లలోనూ, బస్తర్ దేవగుడుల దగ్గరా ఊరి పెద్దలను అడిగాకే కెమెరా తీయాలి.

వెలుగు విషయంలో చాలామంది పొరబడతారు. మిట్ట మధ్యాహ్నం అడవిలో నేల మీద ఎండ మచ్చలు, వాటి పక్కనే చిక్కటి నీడ. రెండింటి మధ్య వెలుగు తేడా ఫోన్ సెన్సర్ తట్టుకోలేనంత ఉంటుంది. మబ్బు పట్టిన రోజు, లేదా డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు కమ్మిన వేళ మేలు. రాత్రి చల్లబడ్డ బరువైన గాలి లోయల్లోకి జారి అక్కడి తేమను మంచుగా మారుస్తుంది. ఆ నీటి కణాలు వెలుగును చెదరగొట్టి దూరపు చెట్లను తెల్లగా చేస్తాయి, దగ్గరి మాను ముదురుగా విడిపడి నిలుస్తుంది. రెడ్‌వుడ్ ఫొటోలకున్న ఆకర్షణలో సగం పసిఫిక్ పొగమంచుదే.

చెట్టు పక్కన ఒక మనిషిని నిలబెడితే ఆ ఫొటో కొలబద్ద కూడా అవుతుంది. కెమెరాను వంచకుండా తీసిన ఫొటోలో 160 సెంటీమీటర్ల మనిషి ఎత్తుకు చెట్టు 20 రెట్లు ఉంటే, చెట్టు ఎత్తు 32 మీటర్లు. మనిషి మాను పక్కనే, కెమెరా నుంచి అంతే దూరంలో ఉండటం ముఖ్యం.

మాను మొదట్లో రంపపు పొట్టులాంటి గుట్ట కనబడితే దాన్నీ దగ్గరగా ఫొటో తీసి అటవీ సిబ్బందికి చూపించాలి. అది సాల్ తొలుచు పురుగు గుర్తు కావచ్చు. 1990ల చివర్లో అవిభక్త మధ్యప్రదేశ్ సాల్ వనాలను ఈ పురుగు భారీగా దెబ్బతీసింది. తొలి వానలకు బయటికొచ్చే పెంకు పురుగులను తాజాగా నరికిన దుంగల వాసనతో ఆకర్షించి, చేతులతో ఏరి నాశనం చేయడం అప్పటికీ ఇప్పటికీ వాడే పద్ధతి.

చోటు దొరికాక దాన్ని అందరికీ చెప్పాలా అన్నది తేలిక ప్రశ్న కాదు. ప్రపంచంలో అతి ఎత్తైన చెట్టు హైపీరియన్, సుమారు 116 మీటర్ల రెడ్‌వుడ్, 2006లో వెలుగులోకి వచ్చింది. బాట లేని ఆ చోటి వివరాలు బయటికి పొక్కడంతో జనం పొదలు తొక్కుకుంటూ వెళ్లారు. మాను చుట్టూ నేల గట్టిపడింది, చెత్త పేరుకుంది. 2022లో ఆ ప్రాంతాన్ని మూసేశారు. అక్కడికి వెళ్తే 5,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అంత చెట్టుకూ వేళ్లు నాలుగు మీటర్ల లోతు కూడా దిగవు, పక్కలకే పాకుతాయి. తొక్కిడికి గట్టిపడిన మట్టిలో ఆ వేళ్లకు గాలీ నీరూ సరిగా అందవు.

సాల్ విషయంలో ప్రమాదం మొలకలకు. రెక్కల కాయలు జూన్‌లో రాలతాయి. వాటిలోని గింజకు మొలకెత్తే శక్తి వారం, పది రోజులకు మించి నిలవదు. ఆ కొద్ది రోజుల్లో వాన పడి, నేల తాకి, మొలక లేవాలి. లేచినా చాలా ఏళ్లు పైభాగం ఎండిపోతూ, వేరు నుంచి మళ్లీ చిగురిస్తూ గడుస్తుంది. బాట దిగి ఫొటో కోసం నాలుగడుగులు వేసేవారి కాలి కింద ఉన్నది గడ్డిలా కనిపించే పదేళ్ల సాల్ కావచ్చు. జూన్ చివరి వారాల్లో వెళ్లేవారు బాట మీదే నిలబడి, దూరం నుంచి దగ్గరకు లాగే లెన్స్ వాడటం మేలు. ఫొటోను పంచుకునేటప్పుడు ఫోన్ దానంతట అదే జతచేసే స్థల వివరాలను తీసేసి, అభయారణ్యం పేరు మాత్రం ఉంచితే సరిపోతుంది.