500003: ఒక పిన్‌కోడు, ఒక పూర్ణసంఖ్య

1972 ఆగస్టు 15న తపాలా శాఖ ప్రవేశపెట్టిన పిన్‌కోడు పద్ధతిలో సికింద్రాబాదు ప్రధాన తపాలా కార్యాలయపు సంఖ్య 500003. కవరుపై వ్రాసి మరచిపోవు ఈ సంఖ్యను ఒక పర్యాయము గణితదృష్టితో పరిశీలింతము.

ఇది బేసి సంఖ్య. చివర 5 లేదు. అంకెల మొత్తము 8 గనుక 3చే భాగింపబడదు. ఇంతమాత్రముననే దీనిని ప్రధాన సంఖ్యయని మేమును మొదట తలచితిమి. అది తొందరపాటు. 7, 11, 13ల లబ్ధము 1001 గదా! కావున ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీసి, రెండు భాగముల భేదమును ఈ మూడింటితో భాగించి చూచిన చాలును. 500లో 3 తీసివేయగా 497, అది 7×71. కనుక 7 మన సంఖ్యను భాగించును. 11, 13 భాగింపవు. 500003 = 7×71429. ఉర్దూ విభాగపు మిత్రులు తమ అంకెలలో వ్రాసుకొన్నను 7 దీనిని విడువదు.

ఇక 71429 మాట. దాని వర్గమూలము 267కు స్వల్పముగా పైన. 267 వరకు గల 56 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడవలెను. ఒక సాయంకాలపు పని. ఏదియు నిశ్శేషముగా భాగింపదు. కావున 71429 ప్రధాన సంఖ్యయే. 500003ను మినహాయింపగా మిగిలిన భాజకములు 1, 7, 71429. వాని మొత్తము 71437 మాత్రమే గనుక ఇది న్యూనసంఖ్య.

పొరుగువారిలో హైదరాబాదు జి.పి.ఓ. సంఖ్య 500001, ఉస్మానియా విశ్వవిద్యాలయపు 500007 రెండును 3చే భాగింపబడును. అయిదు లక్షలు దాటిన పిదప తొలి ప్రధాన సంఖ్య 500009. అది మన సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌ది.