జకార్డు అట్టలు పారేయకు

వనపర్తి

బిడ్డా,

"డిజైన్లన్నీ డ్రైవ్‌లో ఉన్నాయి మామయ్యా, ఇంక ఈ అట్టలెందుకు, అటక ఖాళీ చేస్తున్నా" అన్నావు మొన్న. అప్పుడు ఊ కొట్టాను గానీ మనసొప్పలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే నవ్వేస్తావు కాబట్టి రాస్తున్నాను.

నీ ల్యాప్‌టాప్‌లోని డ్రైవ్ ఫోల్డర్‌లో ఏ మార్పు జరిగినా కాసేపట్లో క్లౌడ్‌లోనూ జరుగుతుంది. సింక్ అంటే అంతే. రాన్సమ్‌వేర్ చేసేదీ మార్పే. ఫైలుకు ఉన్నచోటే తాళం వేసి, పేరు చివర ఏదో తోక తగిలించి, డబ్బు కట్టమని ఒక నోటు పెట్టి పోతుంది. పట్టు కొంగు కోసం నువ్వు రాత్రులు మేలుకుని గీసిన హంసలు పిచ్చిగీతలైపోతే, సింక్ ఎంతో విధేయంగా ఆ పిచ్చిగీతల్నే పైకి పంపిస్తుంది.

క్లౌడ్ వద్దని కాదు. అందులో నిన్ను కాపాడేది పాత ప్రతులు. గూగుల్ డ్రైవ్‌లో మామూలుగా పాత ప్రతి 30 రోజులుంటుంది, ఆ తర్వాత పోతుంది. పైగా చాలాకాలం ఒక్కో ఫైలు తెరిచి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చేది, వందల డిజైన్లుంటే ప్రాణం పోయేది. వన్‌డ్రైవ్‌కు చందా కడితే, గత 30 రోజుల్లో నువ్వు కోరిన తేదీకి డ్రైవ్ మొత్తాన్ని ఒకేసారి తిప్పొచ్చు. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. పోయిన దసరాకు వేసిన అంచును మళ్లీ దసరా దాకా తెరవవు కదా? నడుమ అది పాడైతే నీకు తెలిసేసరికి ఆ 30 రోజులూ ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

"మాలాంటోళ్ల జోలికి ఎవరొస్తారు" అని కూడా అన్నావు. 2017 మేలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు అది ఎవరినీ ఎంచుకోలేదు. విండోస్‌లో కంత ఎక్కడుంటే అక్కడ దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు సోకింది, తిరుమల దేవస్థానం కంప్యూటర్లకూ సోకింది. వెంకన్ననే వదల్లేదు, నిన్ను వదులుతుందా? ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే చిక్కారు. 2019 ఎండాకాలంలో ఇంకో రాన్సమ్‌వేర్ రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద పడింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం కూడా అందులో ఉంది.

నీ దగ్గర నాకు అనుమానంగా ఉన్నది ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్, అంటే దొంగ ప్రతి కదా అది? ఇళ్లల్లో కంప్యూటర్లకు రాన్సమ్‌వేర్ ఎక్కువగా వచ్చే దారుల్లో అదొకటి. కొనలేకపోతే ఉచితంగా దొరికేదేదైనా నేర్చుకో.

ఇప్పుడు అట్టల సంగతి. గళ్ల కాగితం మీద ఒక్కో గడిని చూసి కొట్టిన రంధ్రాలవి. మగ్గం మీద రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ అట్టల దండ చేతిలో ఉంటే డిజైన్‌ను గడి గడిగా మళ్లీ గీసుకోవచ్చు. కళ్లు లాగుతాయి, నిజమే. అయినా దానికి తాళం వేయగల వైరస్ లేదు, ఎందుకంటే అది ఏ తీగకూ తగిలి లేదు. అచ్చంగా అలాంటి ప్రతే ఇంకొకటి కావాలి నీకు. ఒక హార్డ్‌డిస్క్ కొను, వారానికోసారి కాపీ చేసుకుని వైరు పీకి బీరువాలో పెట్టు. ఎప్పుడూ తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేసేస్తుంది. 2023 ఆగస్టులో డెన్మార్క్‌లో క్లౌడ్‌నార్డిక్ అనే క్లౌడ్ కంపెనీకే ఇది జరిగింది. సర్వర్లతో పాటు వాళ్ల బ్యాకప్‌లూ పోయాయి, ఖాతాదారుల్లో చాలామంది సర్వం పోగొట్టుకున్నారు.

డ్రైవ్ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టుకో. ఎప్పుడైనా ఫైళ్లకు వింత తోకలు కనిపిస్తే ముందు వైఫై ఆపు, తర్వాతే నాకు ఫోన్ చెయ్యి. డబ్బు మాత్రం కట్టకు, కట్టినా తాళంచెవి వస్తుందన్న పూచీ లేదు. యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో పెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగానే దొరుకుతాయి.

వచ్చే ఆదివారం గద్వాల వస్తున్నాను. నీ ఫోల్డర్లలో ఒకదాన్ని చెరిపేసి, నీ చేతనే బ్యాకప్ నుంచి వెనక్కి తెప్పిస్తాను. అప్పటిదాకా అటక ముట్టుకోకు.

మీ మామయ్య