ద్వాదశి పారణలో అవిసాకు ఎందుకు? అమ్మానాన్నల కంటిచూపు కోసం

ఏకాదశి వీడియోలో పారణ గురించి రెండు మాటలే చెప్పుకున్నాం. మిగతాది ఇక్కడ చూద్దాం.

శ్రీవైష్ణవుల ఇళ్లలో ద్వాదశి ఉదయం ఉపవాసం విడిచేటప్పుడు అవిసాకు కూర, ఉసిరికాయ వడ్డించే ఆచారం ఉంది. అవిసాకు అంటే మీరు సూపర్ మార్కెట్‌లో కొనే అవిసె గింజల మొక్క ఆకు కాదండీ, అది వేరు. ఇది పెద్ద పెద్ద పూలు పూసే చెట్టు.

ఈ ఆకులో, మునగాకులో, తోటకూరలో బీటా కెరోటిన్ దండిగా ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అదే విటమిన్ ఎ అవుతుంది. అది తగ్గితే రేచీకటి. 1970లో కేంద్ర ప్రభుత్వం చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు పోయించడం మొదలుపెట్టింది. దాని వెనక ఉన్నది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనే.

వయసు పైబడ్డాక ఇంకో రెండు పదార్థాల అవసరం ఉంటుంది: ల్యూటిన్, జియాజాంథిన్. కంటి వెనక రెటీనా మధ్యలో, మనం అక్షరాలు చదివే చోట, ఇవి పేరుకుని కాపు కాస్తాయి. ఒళ్లు వీటిని తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ముదురాకుపచ్చ ఆకుల్లో బాగా ఉంటాయి. వీటి మాత్రలు కూడా అమ్ముతున్నారు. 2013లో అమెరికాలో ఫలితాలు వెలువడిన ఏరెడ్స్-2 పరిశోధనలో 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఇచ్చి చూశారు. కానీ అది రెటీనా మధ్యభాగం అప్పటికే దెబ్బతింటున్నవాళ్ల కోసం. బాగున్న కంటికి మాత్రలెందుకు? డాక్టరు చెప్పకుండా అమ్మానాన్నలకు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి.

మా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు నీళ్లకే కటకట. ఆకుమడి పెంచడం అందరివల్లా కాదు. మునగ చెట్టుకు ఆ బాధ తక్కువ, పెరట్లో ఒక్కటుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కందిపప్పులో గుప్పెడు మునగాకు వేసి, నూనెతో తాలింపు పెట్టండి. నూనె మానేస్తే ఆ కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. చెరువు గట్ల తేమలో పొన్నగంటి కూర దొరుకుతుంది. 'పోయిన కంటి కూర' అనే మాటే అలా మారిందని పెద్దవాళ్లు చెబుతారు. మంచి కూరే, కానీ పోయిన చూపును మాత్రం తేలేదు.

ఇక్కడే నా భయం. ఆకు తింటున్నాం కదా అని ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తారు. శుక్లానికి ఆపరేషనే మార్గం. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు, ముందే పట్టుకోవాలి. షుగరున్న అమ్మానాన్నలకు ఏటా ఒకసారి చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించండి. చూపు బాగానే ఉందని వాళ్లన్నా వినొద్దు. చక్కెరపొంగలి ప్రసాదం కళ్లకద్దుకుని చెంచాడు తీసుకుంటే చాలు, గిన్నెడు అక్కర్లేదు.

రథసప్తమికి అర్ఘ్యం ఇచ్చేటప్పుడు సూర్యుణ్ణి తదేకంగా చూడకండి. రెటీనా కాలినా నొప్పి తెలియదు. స్నానానికి జిల్లేడాకులు తెంపాక చేతులు సబ్బుతో కడిగించండి. ఆ పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.